కేకులో వేసే ఎసెన్సులో మద్యం ఉందా?
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జీవితమంతా ఫైళ్లు తిప్పిన గుమాస్తాకు వంట సంగతులేం తెలుసని కొందరు నవ్వుకోవచ్చు. ఈ విషయం నా దాకా వచ్చింది మన మిత్రుడొకరి ఇంటి నుండి. పేరు చెప్పను. రిటైరయ్యాక ఆయన తాగుడు మానేసి, డాక్టరు ఇచ్చిన మాత్రలు వాడుతున్నారు. కొత్త సంవత్సరానికి కొడుకు బెంగుళూరు నుండి ప్లమ్ కేకు తెచ్చాడు. ఆయన భార్య నన్ను అడిగింది: “అన్నా, దీంట్లో రమ్ము వాసన వస్తా ఉంది. ఈయన తినొచ్చునా?”

ఆమె భయం సబబైనదే. ఆ మాత్ర పేరు డైసల్ఫిరామ్. అది వేసుకునేవారి ఒంట్లో కొద్దిపాటి మద్యం చేరినా ముఖం ఎర్రబారడం, గుండెదడ, వాంతులు, రక్తపోటు పడిపోవడం జరగవచ్చు. మాత్ర ఆపేశాక కూడా రెండు వారాల దాకా జాగ్రత్త అవసరం. దగ్గు మందులోని స్పిరిటు, ఎసెన్సులోని స్పిరిటు కూడా లెక్కలోకి వస్తాయి.

అసలు వాసన కోసం స్పిరిటెందుకు? మనం యాలకులు దంచి పూర్ణంలో కలిపితే ఆ వాసనను నెయ్యి పట్టుకుంటుంది. వెనిలా కాయ పరిమళం నీళ్లలో సరిగా కరగదు, స్పిరిటులో బాగా కరుగుతుంది. అందుకని స్పిరిటుతో దాని సారం తీస్తారు. అమెరికా నిబంధనల ప్రకారం వెనిలా ఎక్స్‌ట్రాక్టులో మద్యం 35 శాతానికి తగ్గకూడదు. మన బ్రాందీలో ఉండేది 42.8 శాతం. పిల్లలు అక్కడి నుండి తెచ్చే సీసాలు ఇలాంటివే. మన ఊరి అంగళ్లలో దొరికే చిన్న సీసా సాధారణంగా వేరు: కృత్రిమ వాసన, నీళ్లు, ప్రొపైలిన్ గ్లైకాల్. ‘రమ్ము ఎసెన్సు’ అన్నంత మాత్రాన అందులో రమ్ము ఉంటుందని లేదు. అయినా వాసనను కరిగించే ద్రవం కొన్నిటిలో స్పిరిటే. కనుక పేరు చూసి తేల్చకండి. లేబులు మీద ఎథనాల్, ఎథిల్ ఆల్కహాల్ అనే మాటలు ఉన్నాయేమో వెతకండి.

వేడికి అంతా ఎగిరిపోతుంది కదా అంటారు. కొంతవరకే నిజం. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం పిండిలో కలిపి కాల్చితే అరగంటకు 35 శాతం, గంటకు 25 శాతం, రెండున్నర గంటలకు 5 శాతం మిగులుతుంది. ఇక గుమాస్తా లెక్క వినండి. ఒక టీస్పూను, అంటే 5 మి.లీ. ఎక్స్‌ట్రాక్టులో మద్యం 1.75 మి.లీ. గంట కాలిస్తే మిగిలేది 0.44. పన్నెండు ముక్కలు కోస్తే ముక్కకు 0.04 మి.లీ. కూడా రాదు. మామూలు మనిషికి ఇది పట్టించుకోదగ్గది కాదు. ప్లమ్ కేకు అలా కాదు. ఎండుద్రాక్షను రోజుల తరబడి రమ్ములో నానబెడతారు, కాల్చాక పైన మళ్లీ చల్లేవారూ ఉన్నారు. ఆ చల్లినది పొయ్యి మొహం చూడదు. క్రీములో, ఐస్‌క్రీములో కలిపిన ఎసెన్సూ అంతే.

అందుకే ఆ చెల్లెమ్మకు వద్దన్నాను. డాక్టరును కూడా అడగమన్నాను, ఆయనా వద్దనే అన్నారట. కేకు పొరుగింటికి పోయింది, మిత్రుడికి ఓళిగలు దక్కాయి.

ఇంకొక మాట. 1995 జనవరి నుండి 1997 దాకా మన రాష్ట్రంలో నడిచిన మద్యనిషేధం మీకందరికీ గుర్తే. అమెరికాలో 1920 నుండి 1933 దాకా నిషేధం ఉన్నప్పుడు వంట ఎసెన్సులకు మినహాయింపు ఇచ్చారు. జమైకా అల్లం సారమనే మందును జనం మత్తు కోసం తాగారు. 1930లో అందులో కల్తీ చేసిన రసాయనం వల్ల వేలమందికి కాళ్లు చచ్చుపడ్డాయి. తాగుడు మానినవారి ఇంట్లో 35 శాతం సీసా వంటింటి అలమరలో ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. ఆ మనిషి మీద అనుమానంతో చెప్పే మాట కాదిది.

మా కోడలు పాలలో యాలకులు మరిగించి, చల్లార్చి, కేకు పిండిలో కలుపుతుంది. పైన వేయించిన శెనక్కాయ విత్తనాలు చల్లుతుంది, కరువు ఏడాదిలో కూడా మన ఇళ్లలో ఉండేవి అవే కదా. వెనిలా వాసన రాదు. మాకు దాని అవసరమూ కనబడలేదు.

లేబులు మీది అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి. చదవలేనివారు సీసాను సంఘం ఆఫీసుకు తెస్తే నేను చదివిపెడతాను. భూతద్దం నా జేబులోనే ఉంటుంది.