విప్పనివ్వని వేషం
(కూచిపూడిలో ఇచ్చిన స్మారకోపన్యాసం)



కూచిపూడిలో ఉపన్యాసం అంటే సిద్ధేంద్రయోగి గురించే అనుకుని వచ్చి ఉంటారు. నేను సిల్క్ స్మిత గురించి మాట్లాడబోతున్నాను. ఇక్కడ కాక ఇంకెక్కడ మాట్లాడాలి? ‘వేషం కట్టడం’ అనే మాటకు విలువ తెలిసిన ఊరు ఇది.

వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామ వేషం కట్టి, తెర మీదుగా జడ వేస్తే సభ ఊపిరి బిగబట్టేది. ఆ వలపు, ఆ అలక, ఆ నడుము విరుపు అన్నీ శృంగారమే. ఆట ముగిశాక జడ తీసి, రంగు కడుక్కుని ఆయన మళ్లీ శర్మగారు అయ్యేవారు. 1970లో పద్మశ్రీ అందుకున్నారు. భామ చేసిన కవ్వింపును ఎవరూ ఆయన నడతకు అంటగట్టలేదు.

పక్కనే మొవ్వ. అక్కడి గోపాలుడి మీద క్షేత్రయ్య కట్టిన పదాలను తరతరాలు అభినయించి నిలబెట్టింది దేవదాసీ సంప్రదాయపు కలావంతులు. వాళ్లకు మాత్రం ఆ వెసులుబాటు దొరకలేదు. పదంలోని నాయిక వేరు, పాడే మనిషి వేరు అని లోకం ఒప్పుకోలేదు. 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చింది. ఆడపిల్లలను గుడికి అంకితమిచ్చే ఆచారం నేరమైంది, మంచిదే. కానీ ఆచారంతోపాటు ఆ ఆడవాళ్ల విద్యనూ అవమానంగానే చూశారు.

ఏలూరు దగ్గరి కొవ్వలిలో 1960 డిసెంబరు 2న సిల్క్ స్మిత పుట్టింది, వడ్లపాటి విజయలక్ష్మిగా. నాలుగో తరగతితో చదువు ఆగింది. చిన్నతనంలోనే పెళ్లి చేశారు. ఆ కాపురం వదిలి మద్రాసు చేరి, ఒక నటికి టచప్ చేసే పనిలో కుదిరింది. 1980లో తమిళ ‘వండిచక్రం’లో వేసిన పాత్ర పేరు సిల్క్. సినిమా ముగిసింది, పేరు పోలేదు. ఒక్క వేషం జీవితాంతం ఆమె పేరై కూర్చుంది.

పదిహేడేళ్లలో 450కి పైగా సినిమాలు. అమ్ముడుపోని సినిమాకు ఆమె పాట ఒకటి అతికిస్తే కొనేవాళ్లు దొరికేవారట. మన ‘వసంత కోకిల’లో ముసలి మాస్టారి పడుచు పెళ్లాంగా ఆమె కళ్లలో కనబడేది ఆకలి ఒక్కటే కాదు, ఒంటరితనం కూడా. అది గమనించినవాళ్లు తక్కువ. 1989 నాటి మలయాళ ‘లయనం’ హిందీలోకి వెళ్లి, పెద్దలకు మాత్రమే అన్న ముద్రతో ఊరూరా ఆడింది. సావిత్రిలా పాత్రలు చేయాలని తన కోరిక అని స్మిత చెప్పుకుంది.

ఆ సావిత్రిగారు ‘దేవదాసు’లో పార్వతి అయ్యారు. దర్శకులు ఈ ఊరి వేదాంతం రాఘవయ్యగారు. ‘మాయాబజార్’లో సావిత్రిగారు శశిరేఖ రూపంలోని ఘటోత్కచుడిగా ఆడారు. ఆడించింది ఈ ఊరి పసుమర్తి కృష్ణమూర్తిగారు. వేషం మీద వేషం కట్టినా సావిత్రిగారు సావిత్రిగారే.

1996 సెప్టెంబరు 23న మద్రాసులోని తన ఇంట్లో స్మిత చనిపోయింది. ముప్ఫై అయిదేళ్లు. 2011లో ‘ది డర్టీ పిక్చర్’లో ఆ బతుకునే వేషంగా కట్టి, విప్పి, విద్యా బాలన్ జాతీయ ఉత్తమనటి పురస్కారం అందుకున్నారు.

చివరగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఇంతసేపూ శర్మగారు ‘అయ్యేవారు’ అన్నాను, సావిత్రిగారు ‘ఆడారు’ అన్నాను, విద్యా బాలన్ ‘అందుకున్నారు’ అన్నాను. స్మిత మాత్రం ‘కుదిరింది’, ‘చెప్పుకుంది’, ‘చనిపోయింది’. రాసుకున్నప్పుడు నాకే తెలియలేదు, మీ చెవికీ తగిలి ఉండదు. ఉపన్యాసం అచ్చయ్యేటప్పుడు కూడా దిద్దవద్దని కోరుతున్నాను. చదివేవాళ్లకు తగలాలి.

విజయలక్ష్మిగారికి నమస్కారం.