పక్షవాతము వచ్చిన పిదప

మా పెదనాన్నగారు ఒకనాటి ఉదయము వీధి అరుగుమీద కూర్చుండి కాఫీ త్రాగుతుండగా గ్లాసు కుడిచేతినుండి జారిపడినది. తీయబోయినారు, చేయి లేవలేదు. పెద్దమ్మను పిలువబోయినారు, మాట ముద్దగా వచ్చినది. రాత్రి చేయి తలక్రింద పెట్టుకొని నిద్రించినందున తిమ్మిరి పట్టినదని ఇంటిలోనివారు అనుకొన్నారు. కొంతసేపటికి ఎవరో పక్షవాతమన్నారు. అంతట ఒకరు మర్దనకు పావురపు నెత్తురు తెచ్చుటకును, ఒకరు పసరు పోయువానిని పిలుచుకొని వచ్చుటకును బయలుదేరినారు. ఆసుపత్రి చేరుసరికి దీపాలు పెట్టు వేళ అయినది. ఎవరిని తప్పుపట్టగలము? అందరికీ ఆయనయందు ప్రేమయే. ఆ ప్రేమతోనే పగలంతా గడచిపోయినది. ఆ పగటివేళ ఆయన మెదడులో ఏమి జరిగినదో నాకు చాల ఏండ్లకుగాని తెలియలేదు. దానిని గురించియే ఈ పూట మీతో ముచ్చటింపదలచినాను.

మెదడు బరువు మన శరీరపు బరువులో నూటికి రెండుపాళ్లు మాత్రమే. కాని శరీరము వినియోగించు ప్రాణవాయువులో ఇంచుమించు ఐదవవంతు దానికే కావలెను. పోనీ, కొంత దాచుకొనునా అంటే అదియు లేదు. ఏనాటి కూలి ఆనాడే వండుకొను సంసారము దానిది. పక్షవాతము ఎక్కువమందికి మెదడులోని రక్తనాళమునకు గడ్డ అడ్డుపడుటవలన వచ్చును. తక్కినవారికి నాళము చిట్లి నెత్తురు కారుటవలన వచ్చును.

గడ్డ అడ్డుపడినప్పుడు ఆ నాళముపై ఆధారపడిన భాగమంతయు ఒక్కసారిగా చచ్చునా? చూచువారికి అట్లే తోచును. ఈ సంగతిని లండనులో పనిచేసిన లిండ్సే సైమన్, డెన్మార్కు శాస్త్రజ్ఞులు ఆస్ట్రప్, లాసెన్ ప్రభృతులు కోతులపై ప్రయోగములుచేసి 1977లో కొత్తవెలుగులో చూపించినారు. ఆరోగ్యముగా ఉన్న మెదడులో నూరు గ్రాములకు నిమిషమునకు సుమారు 50 మిల్లీలీటర్ల రక్తము పారుతుండును. అది ఇరవైకి దిగువన పడినప్పుడు నరాల కణములు పని మానుకొనును, కాని చావవు. సుమారు పదికంటె తగ్గినప్పుడు కణపు పొర అదుపు తప్పి, లోపలి పొటాసియము వెలికి పొంగి, కణము నశించును. ఈ రెండు మెట్ల నడుమ చిక్కిన భాగమే మనకు ముఖ్యము.

గ్రహణపు నీడలో నట్టనడుమ కారుచీకటి, దాని చుట్టు సగము వెలుతురు ఉండును గదా! ఆ సగము నీడను ఉపచ్ఛాయ అందురు. 1981లో ఆస్ట్రప్, సీష్యో, సైమన్ అనువారలు ఈ పేరునే మెదడులోని ఆ నడిమి భాగమునకు పెట్టినారు. చేయి కదలకపోవుట చూచి, చేతిని నడుపు భాగము చచ్చినదని మనము అనుకొందుము. చచ్చినది కొంత, పని మాని, ఊపిరి బిగబట్టి, రక్తముకొరకు ఎదురుచూచునది ఇంకొంత. ఎదురుచూపునకు మాత్రము గడువు కలదు. పెద్ద రక్తనాళము మూసికొనిపోయినవారిలో సగటున నిమిషమునకు 19 లక్షల నరాల కణములు నశించునని అమెరికాలో సేవర్ అను వైద్యుడు 2006లో లెక్కకట్టినారు. మా ఇంట ఆనాడు తిమ్మిరి తగ్గునేమోనని చూచిన గంట ఎంత వెలగలదో ఇప్పుడు తెలియుచున్నది.

గడ్డను కరగించు మందును మూడు గంటలలోపల ఇచ్చినచో ఎక్కువమంది కోలుకొందురని 1995లో అమెరికాలో రుజువైనది. 2008లో ఆ గడువు నాలుగున్నర గంటలకు పెరిగినది. సన్నని గొట్టమును తొడలోని ధమనిద్వారా మెదడువరకు పంపి గడ్డను లాగివేయు పద్ధతి 2015లో స్థిరపడినది. ఉపచ్ఛాయ ఇంకను మిగిలియున్నట్లు చిత్రములో కనబడినచో, కొందరికి 24 గంటలవరకు కూడ ఈ పని చేయవచ్చునని 2018లో తేలినది. కాని మందు ఏదైనను ముందు తలకు స్కాను తీయవలెను. నెత్తురు కారుచున్న మెదడునకు గడ్డ కరగించు మందు ప్రాణాంతకము. కావున ఇంటిలో మనకు తోచిన మాత్రలు వేయరాదు. మూతి ఒకవైపుకు వంగుట, ఒక చేయి వాలిపోవుట, మాట తడబడుట, వీటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనబడినను గడియారము చూచుకొని, స్కాను ఉన్న ఆసుపత్రికి బయలుదేరవలెను. నోటిలో ఏమియు పోయరాదు, పసరు సరే, మంచినీరు కూడ. మ్రింగు శక్తి చెడిన మనిషికి పోసినది ఊపిరితిత్తులలోనికి పోవును.

రక్తము తిరిగి వచ్చులోపల ఆ కణములను బ్రతికించి ఉంచు మందు ఏదైన ఉన్నచో ఎంత బాగుండును! శాస్త్రజ్ఞులు దీనికై పడిన శ్రమ చెప్పతరము కాదు. గ్లూటమేటు అను పదార్థము మితిమీరినచో నరాల కణములను అతిగా ఉద్రేకపరచి చంపునని 1969లో జాన్ ఓల్నీ కనిపెట్టినాడు. రక్తము అందని మెదడులో అది పొంగిపొరలునని తరువాత తెలిసినది. ఆ పొంగును ఆపు మందులు ఎలుకలలో అద్భుతముగా పనిచేసినవి. 2006 నాటికి పరిశోధనకు వచ్చిన చికిత్సలు 1,026 అని ఆస్ట్రేలియా పరిశోధకులు లెక్కించినారు. మనుష్యులలో పరీక్షింపబడినవి నూటికి పైగా ఉన్నను, కణములను కాపాడునని నిస్సందేహముగా నిలిచినది దాదాపు లేదనియే చెప్పవలెను. ఎలుక పడుచుది, ఆరోగ్యవంతురాలు. మందు నిమిషాలలో అందును. రోగియో అరువదేండ్లవాడు, రక్తపుపోటు, మధుమేహము ఉన్నవాడు, ఆసుపత్రికి సాయంకాలము చేరినవాడు. ఈ తేడా గ్రహించుటకు శాస్త్రమునకు చాల డబ్బు, చాల కాలము పట్టినవి.

ఇక చచ్చిన భాగము మాట. అది తిరిగి మొలవదు. అయితే ఆ పని మరి ఎవరు చేయవలెను? మా పెదనాన్నగారికి రెండేండ్లపాటు పెద్దమ్మ అన్నము కలిపి నోట పెట్టినది, చొక్కా తొడిగినది. ఆయన ఎడమచేత్తో చెంబు అందుకొన్నను అందరు సంతోషించెడివారు. కుడిచేయి ఒడిలో పడియుండెడిది. ఆ చేతికి పని పెట్టవలెనని మాకు ఎవరును చెప్పలేదు. అమెరికాలోని ఎడ్వర్డ్ టాబ్ కోతులలో గమనించిన విషయము ఇది: కదలని చేతిని కొంతకాలము వాడనిచో, కదలగల శక్తి వచ్చిన పిదపను ఆ జీవి దానిని వాడదు. వాడకపోవుటయే నేర్చుకొనును. అందుకని ఆయన మంచిచేతికి తొడుగు వేసి కట్టి, చెడినచేతికే పని పెట్టు చికిత్స కల్పించినాడు. 2006లో 222 మంది రోగులతో జరిగిన పరీక్షలో రెండు వారముల ఈ సాధన పొందినవారు మామూలు చికిత్స పొందినవారికంటె చెడినచేతిని మెరుగుగా వాడినారు. ఏడాది తరువాతను ఆ మేలు నిలిచినది. మణికట్టు, వ్రేళ్లు కొంచెమైన కదలువారికే ఇది అన్నమాట మరువరాదు.

ఈ సందర్భమున పాల్ బాక్-ఇ-రీటా అను శాస్త్రజ్ఞుని ఇంటి కథ చెప్పవలెను. ఆయన తండ్రి పెడ్రో, స్పెయిను దేశమునుండి వచ్చిన కవి, న్యూయార్కులో ఆచార్యుడు. 1959లో ఆయనకు పక్షవాతము వచ్చినది. సగము శరీరము చచ్చుబడినది, మాట పోయినది. కుమారుడు జార్జి అప్పటికి మెక్సికోలో వైద్యవిద్యార్థి. వ్యాయామ చికిత్స అతనికి తెలియదు. తెలియకపోవుటయే మేలైనదేమో! తండ్రిని తన ఇంటికి తీసికొనిపోయి, నడిపించుటకు ముందు పాకించినాడు. చంటిబిడ్డ ఏ వరుసలో నేర్చునో ఆ వరుసలోనే. గోడకు ఆనుకొని పాకుట, నేలమీద గోలీలను చెడినచేతితో ఏరుట, వంటపాత్రలు కడుగుట. ఇరుగుపొరుగువారు ఒక ఆచార్యుని కుక్కవలె పాకించుచున్నారని ఏవగించుకొన్నారట. కొన్ని నెలలకు పెడ్రో నిలిచినాడు, నడచినాడు, మాటలాడినాడు. ఏడాది తిరిగిన పిదప మరల కళాశాలలో పాఠములు చెప్పసాగినాడు.

కొన్ని సంవత్సరములకు కొలంబియాలో ఒక పర్వతము ఎక్కుచుండగా గుండె ఆగి ఆయన మరణించినాడు. మెదడును కోసి పరీక్షించుటకు మేరీ జేన్ ఆగిలర్ అను వైద్యురాలు పూనుకొన్నది. ఇంత కోలుకొన్న మనిషి కనుక చెడిన భాగము బాగుపడియుండునని అందరును తలచిరి. తీరా చూడగా ఏమియు బాగుపడలేదు. మెదడునుండి వెన్నెముకకు దిగు నరాల త్రోవలలో అధికభాగము 1959లో తెగినట్లే తెగియున్నవి. మిగిలిన కొద్దిపాటి త్రోవలనే ఆయన గోలీలు ఏరుచు, పాత్రలు తోముచు, మొత్తము శరీరపు బరువును మోయుటకు అలవాటు చేసినాడు. ఆ చిత్రములను చూచిన పిదప కుమారుడు పాల్ తన శేషజీవితమునంతయు మెదడు ఎట్లు మారగలదో తెలిసికొనుటకే వినియోగించినాడు. తండ్రి చేతిలోని గోలీలకు ఆ పరిశోధనతో ఏ సంబంధమో ఆయన ప్రసంగములు విన్నవారికి తెలియును.