మనసు మార్చుకునే చోటు

 

ఈ రోజు పట్టాలు పుచ్చుకుంటున్న మీలో కొందరు త్వరలో విదేశీ సేవకు వెళ్తున్నారని విన్నాను. వెళ్లేముందు మిమ్మల్ని ఏ కొండ మీదికో, సముద్రపు ఒడ్డుకో రిట్రీట్‌కు పిలుస్తారు. వీసా కాగితాలు, టీకాలు, ఇన్సూరెన్సు, నెలనెలా పంపాల్సిన రిపోర్టులు, అన్నీ అక్కడ చెబుతారు. చెప్పాలి కూడా. మలేరియా మాత్ర ఎప్పుడు వేసుకోవాలో తెలియనివాడి ఉత్సాహం మొదటి వర్షాకాలం దాటదు. కానీ ఉన్న నాలుగు రోజులూ క్లాసులతో, పాటలతో, గ్రూపు ఫొటోలతో నింపేస్తే దాన్ని రిట్రీట్ అనడానికి నాకు నోరు రాదు. అక్కడ జరగాల్సిన అసలు పని ఒకటుంది. వెళ్లబోయేవాళ్లకు మనసు మార్చుకునే వీలు దొరకాలి.

ఉలిక్కిపడకండి. అడోనిరాం జడ్సన్ గారి సంగతి గుర్తు చేస్తాను. 1812 ఫిబ్రవరి 6న అమెరికాలోని సేలం పట్టణంలో ఆయనతో కలిపి ఐదుగురు యువకులను విదేశీ సేవకు అభిషేకించారు. ముందురోజే ఆన్ గారితో ఆయన పెళ్లయింది. పిల్లనడగడానికి వెళ్లిన ఏ అబ్బాయైనా తన చదువు గురించో సంపాదన గురించో చెప్పుకుంటాడు. ఈయన మాత్రం, మీ అమ్మాయిని ఈ లోకంలో మళ్లీ చూడలేకపోవచ్చు, సముద్రపు గండాలూ పరదేశపు బాధలూ ఉంటాయి, ఒప్పుకుంటారా అని కాబోయే మామగారికి ఉత్తరం రాశారు. 1826లో ఆమె బర్మాలోనే కన్నుమూశారు.

ఫిబ్రవరి 19న దంపతులు కేరవాన్ అనే ఓడలో బయల్దేరి, జూన్‌లో కలకత్తా చేరారు. వాళ్ల రిట్రీట్ ఆ ఓడలోనే జరిగింది. పంపినవాళ్లు కాంగ్రిగేషనల్ సంఘాలవారు, పసిపిల్లలకు నీళ్లు చిలకరించి బాప్తిస్మమిచ్చేవారు. కలకత్తా దగ్గర సేరాంపూర్‌లో ఎదురయ్యే విలియం కేరీ గారేమో బాప్టిస్టు. వాదన వస్తే జవాబు చెప్పాలి కదా అని జడ్సన్ గారు గ్రీకు నిబంధన ముందేసుకుని కూర్చున్నారు. చదివిన కొద్దీ అవతలివాళ్ల మాటే సబబనిపించింది. నువ్వు బాప్టిస్టువైతే అవ్వు, నేను మాత్రం అవ్వనని ఆన్ గారు తేల్చి చెప్పారు. ఆ తర్వాత ఆవిడా చదివారు. సెప్టెంబరులో ఇద్దరూ కలకత్తాలో నీట మునిగి బాప్తిస్మం తీసుకున్నారు. అంటే పంపిన బోర్డుతో తెగిపోయినట్టే. కొత్త దేశంలో, వెనక ఏ సంఘం లేకుండా.

ఆ మార్పు వల్లే అమెరికన్ బాప్టిస్టులు 1814లో ఒక మిషన్ సంఘంగా కూడారు. 1836లో మన తెలుగుగడ్డ మీద కాలుపెట్టిన శామ్యూల్ డే గారిని పంపింది వాళ్లే. ఆ ఓడలో ఒక మనిషి పట్టుదలకు పోయి పుస్తకం మూసేసి ఉంటే నెల్లూరు, ఒంగోలు, రామాయపట్నం కథ ఎలా ఉండేదో ఊహించుకోండి.

రిట్రీట్‌లో మీరు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇంకొకటి: ఎవరూ వినకపోతే? కలకత్తా తర్వాత బర్మా వెళ్లిన జడ్సన్ దంపతులకు అక్కడ మొదటి విశ్వాసి దొరకడానికి ఆరేళ్లు పట్టింది. నెల్లూరు మిషన్‌ను మూసేద్దామా అని 1853లో అమెరికాలో చర్చే జరిగింది. మరుసటి జనవరి 1న ఆ మిషన్‌లోని జ్యూయెట్ దంపతులు, కొందరు తెలుగు విశ్వాసులు తెల్లవారుజామున ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. మన ప్రసంగాల్లో ఆ కొండ మీంచి ఒక్క గెంతులో 1878 జూలైకి, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన వెల్లంపల్లికి దిగిపోతాం. మధ్యలో 24 ఏళ్లున్నాయి, ఒక మహా కరువుంది. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో వేలమందికి కూలి చూపించిన ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు, కరువు పనులు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. కూడు కోసం వచ్చారన్న మాట బాప్తిస్మం కోరిన మాదిగపల్లెల మీద పడకూడదని ఆయన ఉద్దేశమని నేననుకుంటాను. ఆ ఆపడం గురించి ఎవరూ ప్రసంగించరు. నాకు మాత్రం 2,222 కన్నా అదే పెద్దదిగా కనిపిస్తుంది.

విదేశీ సేవ అంటే దొరల పని అనుకునేవాళ్లు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు. 1903లోనే జాన్ రంగయ్య గారు నెల్లూరు వైపు నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్ వెళ్లారు, చెరకు తోటల్లో కూలికి పోయిన మనవాళ్ల దగ్గరికి. పంపింది తెలుగు బాప్టిస్టుల సొంత సంఘమే. ఆ వరసలో వాళ్లు మీరు.

చివరిగా సంఘ పెద్దలకు ఒక విన్నపం. మన ఊళ్లలో రిట్రీట్‌కు ముందే వీడ్కోలు కూటం పెట్టేస్తాం. దండలు, కానుకలు, రోడ్డు మలుపులో ఫ్లెక్సీ. ఫ్లెక్సీ ఎక్కిన కుర్రాడు నాలుగు రోజుల తర్వాత, అయ్యగారూ, ఇది నా పిలుపు కాదనిపిస్తోంది అని ఎలా చెప్పగలడు? చెప్పలేక వెళ్లిపోతాడు. అక్కడ నలుగుతాడు, చుట్టూ ఉన్నవాళ్లనీ నలిపేస్తాడు. అందుకని రిట్రీట్ ముందు పెట్టండి, ఫ్లెక్సీ తర్వాత కట్టుకోవచ్చు. ఎవరైనా వెనక్కి తిరిగొస్తే పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టండి. ఆ ఆదివారం మాత్రం దయచేసి యోనా మీద ప్రసంగం పెట్టుకోకండి.