న్యాయశాస్త్రము చదువుటకు ఏ కళాశాల?



గత వేసవిలో మిత్రుడొకడు కుమారుని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. చేతిలో నాలుగైదు కళాశాలల ప్రాస్పెక్టసులు. అద్దాల భవనములు, పచ్చిక బయళ్లు, నవ్వుచున్న విద్యార్థులు. "వీడు ప్లీడరు నవుతానంటున్నాడోయ్. వీటిలో ఎక్కడ చేర్పించమంటావు?" అని అడిగెను.

నేను బొమ్మలను విడిచి పట్టము పేరు చూచితిని. ఒకదానిలో 'బి.ఏ., లీగల్ స్టడీస్, మూడేండ్లు' అని యున్నది. ఎల్.ఎల్.బి. యను మాట ఎచ్చటను లేదు. ఆ చదువు చెడ్డదని నేననను. పత్రికలలోనో, ప్రభుత్వోద్యోగములలోనో ప్రవేశింపగోరువారికి అది ఉపకరింపవచ్చును. కాని దానితో నల్లకోటు తొడుగుకొనుటకు వీలులేదు. (ఆ కోటు మే నెలలో ఎంత సుఖమో నన్నడుగకుడు!) పిల్లవాని కోరికయో, కోర్టులో వాదించుట. మూడేండ్లు గడచిన పిమ్మట ఈ సంగతి తెలిసినచో, మరల మూడేండ్లు ఎల్.ఎల్.బి. చదువవలసి వచ్చెడిది.

1961 నాటి అడ్వొకేట్ల చట్టము ననుసరించి, భారత బార్ కౌన్సిలు గుర్తించిన న్యాయశాస్త్ర పట్టము కలవారినే న్యాయవాదులుగా నమోదు చేసికొందురు. ఇంటర్మీడియెటు పిమ్మట అయిదేండ్ల కోర్సు, పట్టభద్రులకు మూడేండ్ల కోర్సు. కౌన్సిలు కళాశాలకిచ్చు ఆమోదము శాశ్వతము కాదు. గడువు తీరినపుడు పొడిగించుకొనవలెను. కావున "మాకు గుర్తింపు కలదు" అన్న మాటతో తృప్తిపడక, ఈ సంవత్సరమునకు చెల్లు ఉత్తరువును చూపుమని అడుగవలెను. ఫీజు కట్టుటకు లేని మొగమాటము ఇది అడుగుటకేల?

హైదరాబాదులో 1998లో నెలకొన్న నల్సారు, విశాఖపట్టణమున 2008లో నెలకొన్న దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయము మున్నగువానికి క్లాట్ అను అఖిల భారత పరీక్ష. మన రెండు రాష్ట్రములలోని తక్కిన కళాశాలలలో పెక్కింటికి లాసెట్. గొప్ప ర్యాంకు వచ్చినవారికి చింత లేదు. రానివారి సంగతియే ఆలోచింపదగినది.

అట్టివారు స్వయముగా పోయి కళాశాల గ్రంథాలయమున ఒక గంట కూర్చుండుడు. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత మొదలైన మూడు క్రొత్త చట్టములు అమలులోనికి వచ్చినవి. వాని ప్రతులు బీరువాలో కలవా? అంతకు ముందరి నేరములకు పాత శిక్షాస్మృతియే వర్తించును గనుక అదియు నుండవలెను. పుస్తకములపై దుమ్మున్నదా, చేతి ముద్రలున్నవా? పిమ్మట మూడవ సంవత్సరపు విద్యార్థి నొకనిని పట్టుకొని, మూట్ కోర్టులో ఎన్ని పర్యాయములు వాదించితివని అడుగుడు.

మిత్రుడు చూచివచ్చిన యొక కళాశాలలో గుమాస్తా, "పరీక్షలకు వస్తే చాలు, హాజరు మేం చూసుకుంటాం" అనెనట. మిత్రునికది సౌకర్యముగా తోచినది! కౌన్సిలు నియమము ప్రకారము ప్రతి విషయమునందును నూటికి 70 వంతుల హాజరు కావలెను. అయిదేండ్ల కోర్సులో కనీసము 20 వారములు న్యాయవాదుల కడ, న్యాయస్థానములు మొదలగు చోట్ల శిక్షణ పొందవలెను. హాజరు నమ్ముకొను చోట పట్టము చేతికి వచ్చును గాని వాదించుట రాదు.

తుదకు పిల్లవాడు జిల్లా కోర్టుకు నడిచిపోదగిన దూరములోనున్న యొక పాత కళాశాలలో చేరెను. గోడలు పెచ్చులూడుచున్నవి. సంక్రాంతి సెలవులకు వచ్చి, "బాబాయిగారూ, మూట్ కోర్టులో ఓడిపోయాను. కాంట్రాక్టు చట్టం మీద మంచి వ్యాఖ్యానం ఉంటే ఇస్తారా?" అనెను. ఇచ్చితిని. ఇంకను తిరిగి యీయలేదు.