సంచులు ఎవరు చూస్తారు?



పోయిన దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం మా అమ్మాయి పాత ఫోటోలు చూస్తూ కూర్చుంది. ఇప్పటి ఫోటోలకి ఆల్బములెక్కడివి లెండి, అన్నీ ఫోనులోనే. ఒక్కొక్కటీ వేలితో తోస్తూ, "ఇదిగోనమ్మా, మనవాళ్ళంతా పార్కుకి వెళ్ళిన రోజు. నాన్న, అన్నయ్య, నేను, బాబాయి వాళ్ళు... ఆ రోజు నువ్వు రాలేదు కదూ?" అంది.

చిక్కుడుకాయలు వలుస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. ఆ రోజు తెల్లవారుజామున నాలుగింటికి లేచి దారిలో తినడానికి చపాతీలు చేసింది నేను. పిల్లల మారుబట్టలు, తువ్వాళ్ళు, మాత్రలు సర్దింది నేను. పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా ఆ పార్కులోనే వున్నది నేను. ఆ ఫోటోల్లో సగం తీసింది కూడా నేనే! కానీ ఒక్కదాన్లోనూ లేను. ఎక్కడున్నానంటారా? చెట్టు కింద సిమెంటు బెంచీ మీద ఏడు సంచులకీ, నాలుగు జతల చెప్పులకీ కాపలా కాస్తూ వున్నాను.

"వచ్చానే తల్లీ" అన్నాను. "ఏమో, నువ్వు ఏదీ ఎక్కినట్టు నాకు గుర్తులేదే" అంది. దాని తప్పేముంది? ఎక్కితే కదా గుర్తుండడానికి!

మీరూ ఒక్కసారి గుర్తు చేసుకోండి. తిరునాళ్ళకి వెళ్ళినా, సముద్రానికి వెళ్ళినా, ఎగ్జిబిషనుకి వెళ్ళినా "నువ్విక్కడ కూర్చో, ఇప్పుడే వస్తాం" అనే మాట మనం ఎన్నిసార్లు విన్నాం? ఆ 'ఇప్పుడే' ఒక్కోసారి రెండు గంటలు. ఎవరూ మనని బలవంతపెట్టరు, నిజమే. సంచులు కనపడగానే మనమే వెళ్ళి వాటి పక్కన కూర్చుంటాం.

ఆ సాయంత్రం మెట్లమీద కూర్చున్నప్పుడు ఈ సంగతి మా వాళ్ళకి చెప్పాను. మా వాళ్ళంటే ఎదురింటి వదినగారు, వీధి చివర కుట్టుమిషను పెట్టుకున్న అక్కయ్య, పైవాటా పిన్నిగారు. నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరూ తమ బెంచీ కథ చెప్పారు. చివరికి అక్కయ్య, "అయితే మనం నలుగురమే వెళ్దాం. మగవాళ్ళు వద్దు, పిల్లలు వద్దు" అంది.

పిన్నిగారు మాత్రం, "సరే, వస్తాను. మీరు అవన్నీ ఎక్కండి, నేను సంచులు చూస్తాను" అన్నారు. ఆవిడ సంగతి మీకు చెప్పాలి. బాబాయిగారికి పక్షవాతం వచ్చి ఆరేళ్ళు మంచం మీద వున్నారు. ఆ ఆరేళ్ళూ ఈవిడ గుమ్మం దాటలేదు. ఆయన పోయి రెండేళ్ళయింది. అయినా గుడికి తప్ప ఎక్కడికీ రారు. 'ఈ వయసులో, ఈ స్థితిలో సరదాగా తిరుగుతోందట' అని ఎవరంటారో అని భయం. సంచులు చూడ్డానికైతే రావచ్చు. సరదాకి మాత్రం రాకూడదు. అదీ ఆవిడ లెక్క.

ఇంట్లో చెప్పాను. మావారు చదువుతున్న పేపరు దించి, "ఈ వయసులో అక్కడ మీకేం పని?" అన్నారు. "ఏ పనీ లేదు. అందుకే వెళ్తున్నాం" అన్నాను. మా అత్తగారు ఒప్పుకోరేమోనని జంకాను. ఆవిడే, "వెళ్ళిరావే. మా రోజుల్లో నుమాయిషులో ఆడవాళ్ళకని ప్రత్యేకంగా ఒక రోజు వుండేది. ఆ రోజు కోసం ఏడాదంతా ఎదురుచూసేవాళ్ళం" అన్నారు. హైదరాబాదు నుమాయిషు 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై తర్వాత నాంపల్లి మైదానానికి మారింది. అక్కడ జెయింటు వీలు ఎక్కిన ముచ్చట మా అత్తగారు నాకు ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదనుకోండి.

మేం వెళ్ళింది ఔటరు రింగురోడ్డు అవతల వున్న ఒక పార్కుకి. పేరు చెబితే వ్యాపార ప్రకటన అవుతుంది కనుక చెప్పను. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు కదా! ఆధార్ కార్డు చూపించి, జీరో టిక్కెట్టు పుచ్చుకుని, బస్సు దిగాక ఆటో ఎక్కాం. బయటి తిండి లోపలికి రానివ్వరని తెలిసి కూడా వదినగారు పులిహోర తెచ్చారు. గేటు ముందు చెట్టుకింద నిలబడి నలుగురం తినేశాం. రైళ్ళో తిన్నట్టు ఎంతో రుచిగా వుంది.

లోపలికి వెళ్ళగానే నా కళ్ళు వేటికోసం వెతికాయో చెబితే నవ్వుతారు. బెంచీ కోసం! అలవాటు అలాంటిది. అక్కయ్య నా చెయ్యి పట్టుకుని లాకర్ల దగ్గరికి తీసుకువెళ్ళింది. కొంచెం డబ్బు కడితే తాళంచెవి ఇస్తారు. నాలుగు సంచులూ ఒకే అరలో పట్టాయి. ఇన్నేళ్ళూ ఇంత సులువైన పని మాకు ఎందుకు తోచలేదో!

మేం ముగ్గురం చేతులు వూపుకుంటూ బయటికి వచ్చాం. పిన్నిగారు మాత్రం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడిపోయారు. "సంచులు లేకపోతే మరి నేనెందుకే ఇక్కడ?" అన్నారు. మాకు జవాబు తోచలేదు.

మొదట జెయింటు వీలు. మన తీర్థాల్లో చేత్తో తోసే రంగులరాట్నం మనకి పాతదే. ఇనుముతో అంత పెద్దది మొదట కట్టింది మాత్రం ఫెర్రిస్ అనే అమెరికా ఇంజనీరు, 1893లో షికాగో ప్రదర్శనలో. దాని ఎత్తు 264 అడుగులు. 36 పెట్టెలు, ఒక్కో పెట్టెలో 60 మంది. మేం ఎక్కినది దాని మనవరాలంత కూడా లేదు. అయినా పైకి చేరేసరికి వదినగారు నా మోచేతిని ఎలా పట్టుకున్నారంటే, గాజు విరిగింది.

తర్వాత రోలరు కోస్టరు. దాని గురించి మా అబ్బాయి ముందే చెప్పాడు, వాడు ఇంజనీరింగు చదువుతున్నాడు లెండి. మొదటి గుట్ట దాకా గొలుసు లాక్కెళుతుందిట. టకటకమని చప్పుడు వస్తుంది కదా, అది విని భయపడకూడదుట. గొలుసు తెగినా పెట్టె వెనక్కి జారకుండా పట్టుకునే ఇనప పళ్ళ చప్పుడు అది. పైకి చేరాక ఇంజను పని వుండదు. ఎక్కిన ఎత్తే దాని ఇంధనం. దారిలో రాపిడికీ, గాలికీ కొంత ఖర్చయిపోతుంది గనక తర్వాతి గుట్టలు మొదటిదానికన్నా తక్కువ ఎత్తులో కడతారు. ఒకటో తారీఖు జీతం లాంటిదన్నమాట. మొదట్లో వున్నంత ఎత్తు మళ్ళీ నెలాఖరుకి వుండదు.

దాని ముందు ఒక బోర్డు వుంది. రక్తపోటు, గుండెజబ్బు, మెడనొప్పి, నడుంనొప్పి వున్నవాళ్ళూ, గర్భిణీలూ ఎక్కకూడదని. అది వుత్తినే రాసింది కాదు, మీరు వెళ్ళినా తప్పక పాటించండి. పిన్నిగారికి రక్తపోటు వుంది. "చూశారా, నేను చెప్పలేదూ" అని కాస్త సంతోషంగానే చెప్పి, పిల్లల మెర్రీ-గో-రౌండు ఎదురుగా బెంచీ మీద కూర్చున్నారు. మేం ముగ్గురం చున్నీలు నడుముకి ముడివేసి, మంగళసూత్రాలు జాకెట్టు లోపలికి తోసి, వరసలో నిలబడ్డాం. ఎక్కాక ఏమైందో నన్నడక్కండి. కళ్ళు మూసుకున్నాను. అరిచాను. పెళ్ళయ్యాక నేను గొంతెత్తి అరవడం అదే మొదటిసారి. దిగాక కాళ్ళు వణికాయి గానీ, గుండె మాత్రం దూదిలా తేలికైంది.

తిరిగివచ్చి చూద్దుం కదా, పిన్నిగారి ఒళ్ళో ఒక సంచీ, రెండు పక్కలా రెండేసి సంచులు! "లాకర్లో పెట్టాం కదా, ఇవెవరివండీ?" అన్నాను విసుగ్గా. ఆవిడ ఎదురుగా చూపించారు. మెర్రీ-గో-రౌండు మీద చెక్కగుర్రం ఎక్కి ఒక పాతికేళ్ళ అమ్మాయి. ముందు మూడేళ్ళ పాప. ఇద్దరూ పెద్దగా నవ్వుతున్నారు.

జరిగిందేమిటంటే, ఆ అమ్మాయి అదే బెంచీ మీద సంచులతో కూర్చుందిట. ఆయన పెద్దబాబుని తీసుకుని ఎక్కడో వరసలో నిలబడ్డాడు. పాప గుర్రం కావాలని కటకటాలు పట్టుకుని ఏడుస్తోంది. అంత చిన్నపిల్లని తోడు లేకుండా ఎక్కనివ్వరు. తల్లి వెళ్దామంటే సంచులు. పిన్నిగారు కాసేపు చూసి, "వెళ్ళమ్మా, నేను చూస్తాను" అన్నారుట. ముక్కూమొహం తెలియని మనిషికి ఎవరు మాత్రం అప్పగిస్తారు? ఆ పిల్ల తటపటాయించింది. అప్పుడీవిడ తన ఫోను తీసి దాని చేతిలో పెట్టి, "ఇది నీ దగ్గరుంచుకో. నేను ఎక్కడికి పోతాను?" అన్నారుట.

గుర్రాలు ఆగాయి. ఆ అమ్మాయి మొహం ఎర్రబారి, జుట్టు రేగి, పాపకన్నా చిన్నదిలా వుంది. ఫోను తిరిగిచ్చి, థాంక్స్ చెప్పి వెళ్ళిపోతుందనుకున్నాం. వెళ్ళలేదు. బెంచీ మీద కూర్చుని సంచులు తన వైపు లాక్కుని, "ఇప్పుడు మీరు వెళ్ళండి పిన్నీ. నేను చూస్తాను" అంది.

"ఏమిటి చూసేది? నాకు సంచులే లేవు" అన్నారు పిన్నిగారు. "అయితే పాపని చూడండి. దానికింకా ఎక్కాలని వుంది" అంది ఆ పిల్ల. అంతే, పాప పిన్నిగారి వేలు పట్టుకుంది. మెల్లగా తిరిగే గుర్రాలు. పెద్దవాళ్ళు పక్కన కూర్చోవడానికి రథంలాంటి పీట కూడా వుంది. ఆవిడ ఇక కాదనలేకపోయారు. నేను ఫోటో తీశాను.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలనిపిస్తోంది. ప్రపంచంలోకెల్లా పేరుపడ్డ డిస్నీలాండు 1955 జూలై 17న కాలిఫోర్నియాలో తెరిచారు. దానికి ఆలోచన ఎలా వచ్చిందో వాల్ట్ డిస్నీయే చెప్పుకున్నాడు. శనివారాల్లో తన ఇద్దరు కూతుళ్ళనీ మెర్రీ-గో-రౌండు ఎక్కించి, తను బెంచీ మీద వేరుశెనగపప్పులు తింటూ కూర్చునేవాడుట. పిల్లలూ పెద్దలూ కలిసి ఆడుకునే చోటు ఒకటి వుంటే బాగుండునని అప్పుడు తోచిందిట. మన దేశంలో కూడా ఢిల్లీలో 1984లో అప్పూ ఘర్, బొంబాయిలో 1989లో ఎస్సెల్ వరల్డ్ వచ్చాయి. అప్పూ ఘర్ 2008లో మూతబడింది గానీ, తర్వాత ఎన్నో పార్కులు వెలిశాయి. బెంచీ మీద విసుగెత్తిన ఒక తండ్రి పార్కే కట్టించాడు. ఆ పార్కుల్లో బెంచీల మీద తల్లులు మాత్రం అలాగే కూర్చుని వున్నారు!

సాయంత్రం ఇంటికి వస్తూ బస్సులో పిన్నిగారు, "ఆ ఫోటో మా అబ్బాయికి పంపకే" అన్నారు. "పంపను లెండి" అన్నాను. ఇంటికొస్తే కుక్కరు గిన్నెలు సింకులోనే వున్నాయి. పప్పు కాస్త మాడింది. అయినా అందరూ తిన్నారు, ఎవరూ పస్తు పడుకోలేదు. మా అమ్మాయి నా ఫోను లాక్కుని ఫోటోలు చూసి, "ఇదేమిటమ్మా, ఇలా అరుస్తున్నావు!" అని అన్నయ్యని పిలిచింది.

రాత్రి తొమ్మిదిన్నరకి తలుపు చప్పుడైంది. పైవాటా పిన్నిగారు. "ఆ ఫోటో పంపించు" అన్నారు. "అబ్బాయికా?" అన్నాను. "వాడికెందుకు? నాకు" అన్నారు.

సోదరీమణులారా, పిల్లలతో వెళ్ళొద్దని నేననడం లేదు. సంచులు ఎవరో ఒకరు చూడాల్సిందే, మన వస్తువులు మనకి ముఖ్యమే. నేను చెప్పేది ఒక్కటే. ఈసారి ఎక్కడికైనా బయలుదేరేముందు, అందరూ చెప్పులు వేసుకుంటున్నప్పుడు, గుమ్మంలోనే నిలబడి కాస్త గట్టిగా అడగండి: "సంచులు ఎవరు చూస్తారు?" లాకరు వుంటే లాకరు. లేకపోతే వంతులు. తండ్రిగారు ఒక అరగంట, అబ్బాయి ఒక అరగంట, మీరూ ఒక అరగంట. మీ వంతు అయిపోగానే లేచి నిలబడండి. ఒంటికి సరిపడేదే ఎక్కండి. రోలరు కోస్టరే కానక్కరలేదు, చెక్కగుర్రమైనా చాలు.

మీ పక్క బెంచీ మీద ఎవరైనా సంచులతో ఒంటరిగా కూర్చుని వుంటే, ఒక్క పావుగంట మీరు చూస్తానని చెప్పండి.

సెలవు.