కొల్లాజెన్ కోతకు పెప్టైడ్ అడ్డుకట్ట
(యలవర్తి నాయుడమ్మ స్మారకోపన్యాసం)



 తెనాలి దగ్గర యలవర్రులో పుట్టి, మద్రాసులోని తోలు పరిశోధన సంస్థకూ ఆ తర్వాత సీఎస్ఐఆర్‌కూ సారథ్యం వహించి, 1985లో కనిష్క విమాన విస్ఫోటనంలో మనకు దూరమైన నాయుడమ్మగారి జీవితం మీ అందరికీ తెలిసినదే. నేను ఒక్క మాటే చెబుతాను. ఆయన పనిచేసిన తోలంటే కొల్లాజెనే. చచ్చిన చర్మంలోని కొల్లాజెన్‌ను సూక్ష్మజీవుల ఎంజైములకు లొంగకుండా చెయ్యడమే తోళ్లను పదును చెయ్యడం. బతికున్న మనిషి పాదానికి క్రోము పట్టించలేం, తంగేడు చెక్క రసంలో నానబెట్టలేం. అక్కడ అదే కొల్లాజెన్‌ను ఎలా కాపాడాలన్నది నా విషయం.

కొల్లాజెన్ నిర్మాణం గురించి ఎక్కువ చెప్పను. 1954లో మద్రాసులోనే రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించిన ముప్పేట అల్లిక ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంది. దాన్ని కోసే ఎంజైమును 1962లో జెరోమ్ గ్రాస్, చార్లెస్ లాపియేర్ తోకకప్పలో పట్టుకున్నారు. తోక ముక్కను కొల్లాజెన్ జెల్ మీద ఉంచితే ముక్క చుట్టూ జెల్ కరిగిపోయింది. ఆ కుటుంబానికి చెందిన ఎంజైములనే ఇప్పుడు ఎమ్ఎమ్‌పీలంటున్నాం. మనిషిలో ఇరవైకి పైగా ఉన్నాయి. అన్నిటికీ నడిమధ్యన, మూడు హిస్టిడీన్లు పట్టుకున్న జింకు అయాను ఉంటుంది.

ఇక నా తగువు. పెప్టైడులతో ఎమ్ఎమ్‌పీలను ఆపాలనుకోవడం ముగిసిన అధ్యాయమని మా రంగంలో ఒక తీర్పు స్థిరపడిపోయింది. బాటిమాస్టాట్, మారిమాస్టాట్‌లను సాక్ష్యంగా చూపిస్తారు. ఆ రెండూ కొల్లాజెన్ తెగే చోటి అమైనో ఆమ్లాల వరసను అనుకరించి, కొసన జింకును పట్టే హైడ్రాక్సమేట్ తగిలించి తయారుచేసినవి. మారిమాస్టాట్ తీసుకున్న క్యాన్సర్ రోగుల్లో చాలామందికి భుజాలు పట్టేశాయి, కీళ్లు బిగుసుకున్నాయి. మందు మాత్రం ఆశించినంత పని చెయ్యలేదు. కూసెన్స్, ఫింగిల్టన్, మాట్రిసియన్‌లు 2002లో సైన్స్ పత్రికలో ఈ పరీక్షలన్నిటినీ సమీక్షించారు. ఆ చరిత్ర నుంచి చాలామంది పెప్టైడుదే దోషమని తేల్చుకున్నారు. నేను ఒప్పుకోను.

ప్రినోమాస్టాట్‌ను చూడండి. అది పెప్టైడును పోలినది కాదు. అయినా అవే కీళ్ల నొప్పులు. టానోమాస్టాట్‌లో పెప్టైడూ లేదు, హైడ్రాక్సమేటూ లేదు. క్లోమ క్యాన్సర్‌లో దాన్ని తీసుకున్నవాళ్లు మామూలు జెమ్‌సిటబీన్ తీసుకున్నవాళ్ల కంటే వెనకబడ్డారు. ఈ మందులన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే, జింకు మీద కూర్చోవడం. జింకు కుటుంబమంతటిలోనూ ఉంది. ఆ కుటుంబంలో మనకు మేలు చేసేవాళ్లూ ఉన్నారు. ఎమ్ఎమ్‌పీ-8 లేని మగ ఎలుకల్లో చర్మపు కణుతులు పెరిగాయని 2003లో బాల్బిన్ బృందం చూపించింది.

అసలు లోపం పరీక్షలో ఉంది. నిరోధకాల వేటలో ప్రయోగశాలలు వాడేది చాలావరకు పొట్టి కృత్రిమ పెప్టైడు. అది తెగితే వెలుగుతుంది. చవక, వేగం. కానీ అది ముప్పేట కాదు, ఎంజైము నోటి దగ్గర తప్ప ఇంకెక్కడా తగలదు. క్లార్క్, కాస్టన్ 1989లోనే చూపించారు: కొల్లాజినేజ్ నుంచి తోక భాగం తీసేస్తే మిగిలిన ముక్క ఇతర ప్రోటీన్లను కోస్తుంది గాని కొల్లాజెన్‌ను కోయలేదు. ఎంజైము ముందు ముప్పేటను విప్పి, ఆ తర్వాతే కోస్తుందని 2004లో నగాసే బృందం రుజువు చేసింది. అంటే పట్టు వేరు, కోత వేరు. పట్టును చెరిపే పెప్టైడు పొట్టి పరీక్షలో సున్నా మార్కులతో బయటికిపోతుంది. జింకును కరిచేది మాత్రమే నెగ్గుతుంది. ఇలాంటి జల్లెడ పట్టి, పెప్టైడులు పనికిరావనడం న్యాయం కాదు.

వేరే దారిలో నడిచినవాళ్లున్నారు. 1999లో కోయివునెన్ బృందం ఫేజ్ గ్రంథాలయం నుంచి ఎమ్ఎమ్‌పీ-2, 9లనే ఆపే వలయ పెప్టైడును తీసింది. గ్రెగ్ ఫీల్డ్స్, లావర్-ఫీల్డ్స్ ముప్పేట పెప్టైడులతోనే ఆ రెంటినీ ఎంచి ఆపారు. ఈ పని ఉండగా ‘ముగిసిన అధ్యాయం’ అనడం చదవకుండా అన్నమాటే.

పెప్టైడు కడుపులో అరిగిపోతుందంటారు. నిజమే, నేను మింగమనడం లేదు. చర్మం దాటదంటారు. మూసి ఉన్న చర్మానికి అదీ నిజమే. పది అమైనో ఆమ్లాల పెప్టైడు బరువు వెయ్యి డాల్టన్ల పైమాట; అంత బరువైనది చర్మపు పై పొరను దాటడం కష్టం. ముడతల క్రీముల ప్రకటనలను నేను నమ్మకపోవడానికి కారణం అదే. కానీ షుగరు రోగి కాలి పుండు మీద ఆ పొర లేదు.

అక్కడే మా ప్రయోగశాల పనిచేస్తోంది. మధుమేహపు ఎలుకల్లో పుండు మానకుండా చేసేది ఎమ్ఎమ్‌పీ-9 అనీ, మాన్పేది ఎమ్ఎమ్‌పీ-8 అనీ చాంగ్, మొబాషెరి బృందం 2015లో చూపించింది. ఒకదాన్ని ఆపి, రెండోదాన్ని వదిలెయ్యాలి. జింకును నమ్ముకుంటే ఇది కష్టం. ఎమ్ఎమ్‌పీ-9లో జెలటిన్‌ను పట్టుకునే మూడు ఫైబ్రోనెక్టిన్ మడతలున్నాయి. ఎమ్ఎమ్‌పీ-8లో అవి లేవు. మేం అల్లుతున్న వలయ పెప్టైడులు ఆ మడతలకే. ఆ మడతలు ఎమ్ఎమ్‌పీ-2లోనూ ఉన్నాయి కనుక దాన్నుంచి వేరుచెయ్యడం ఇప్పుడు మా ముందున్న పని. పుండులోని ఎంజైములు వీటిని నమిలెయ్యకుండా కొన్నిచోట్ల డి-అమైనో ఆమ్లాలు పెడుతున్నాం.

మా పరీక్ష కొల్లాజెన్ మీదే. పెప్టైడు కలిపిన గడిలో కూడా ఎమ్ఎమ్‌పీ-8 తన పని తాను చెయ్యాలి: జెల్ మీద పొడుగు గొలుసుల నీలి పట్టీలు పల్చబడాలి, కింద ముప్పాతిక ముక్క, ఇంకా కింద పాతిక ముక్క కనిపించాలి. అవి కనిపించకపోతే ఆ పెప్టైడును పక్కన పెట్టేస్తాం, ఎమ్ఎమ్‌పీ-9ను ఎంత బాగా ఆపినా సరే.

ఈ సభలో శస్త్రవైద్యులున్నారు. షుగరు పుండ్లు శుభ్రం చేసేటప్పుడు మీరు తీసి పారేసే కణజాలంలోనే మాకు కావలసిన ఎంజైములున్నాయి. రోగి సమ్మతితో, మీ నైతిక సంఘం అనుమతితో దాన్ని మంచులో పెట్టి మాకు ఇప్పించండి. ఎలుక పుండులో తేలిన సంగతి మన రోగుల పుండులోనూ నిజమో కాదో మీ సాయం లేకుండా మేం తేల్చలేం.