తలక్రిందులుగా నిలిచిన జీవి

గ్రామపెద్దలారా,

పసిపిల్లల ఆటబొమ్మను గూర్చి పెద్దలతో ప్రసంగించుట వింతగా తోపవచ్చును. కాని యీ బొమ్మలో పెద్దలు విచారింపదగిన విషయ మొకటి కలదు.

కొండపల్లి బొమ్మలు చేయువాడు ఏనుగును చూచి యేనుగును, ఎద్దును చూచి యెద్దును చేయును. మనుష్యుడెవ్వడును కంట చూడని జంతువును చేయవలసివచ్చినచో నేమి చేయవలెను? నేడు విదేశములలో ముఖమలుగుడ్డతో కుట్టి, దూది కూరి యమ్ముచున్న హాలూసిజీనియా యను బొమ్మ యట్టిది. సన్నని గొట్టమువంటి శరీరము, వీపున ఏడు జతల ముండ్లు, క్రింద మెత్తని కాళ్లు. బొమ్మను చంక నెత్తుకొనవచ్చును గాని, అసలు జీవి చిటికెనవ్రేలిని మించదు. అది సుమారు 50 కోట్ల 80 లక్షల సంవత్సరముల క్రిందట సముద్రపు టడుగున సంచరించెడిది.

కెనడాదేశపు రాకీ పర్వతములలో, బర్జెస్ షేల్ అను రాతిపొరలను 1909వ సంవత్సరమున చార్లెస్ వాల్కాట్ అను అమెరికా పండితుడు కనుగొనెను. ఒకనాటి సముద్రపు బురదయే రాయియై కొండ కెక్కినది. అందలి యీ జీవిని ఆయన 1911లో ఒక తెగ పురుగని వర్ణించెను. 1977లో ఆంగ్లపండితుడు సైమన్ కాన్వే మారిస్ దానిని మరల పరిశీలించి, ముండ్లనే కాళ్లుగా నెంచెను. కాళ్లను వీపుమీది తీగలనుకొనెను. కలలోగాని కానరాని రూపమని, భ్రాంతిని సూచించు నీ పేరు పెట్టెను.

1991లో లార్స్ రామ్‌షోల్డ్, హౌ షియాన్‌గువాంగ్ అను నిద్దఱు, చైనాదేశమున దొరకిన బంధుజీవుల శిలాజములతో పోల్చి, దీనిని తలక్రిందులుగా నిలిపినారని చూపిరి. అంతటితో తీరలేదు. ఒక కొననున్న నల్లని మచ్చను పలువురు తలయని తలచియుండిరి. 2015లో మార్టిన్ స్మిత్, జాన్ బెర్నార్డ్ కారన్ అను పండితులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూచి, అది కుళ్లినపుడు దేహమునుండి వెలికివచ్చిన ద్రవపు మఱక యనియు, కన్నులును పండ్లును గల నిజమైన తల రెండవ కొన నున్నదనియు తేల్చిరి.

గ్రంథకర్త "కావచ్చు" నని వ్రాసి యూరకుండవచ్చును. బొమ్మ కుట్టువానికి ఆ వెసులుబాటు లేదు. ఏదో యొక కొననే కన్నులు కుట్టవలెను. ఏదో యొక వైపే నేల నానవలెను. 1980లో కుట్టినచో నీ బొమ్మ ముండ్లమీద నిలిచెడిది; 2010లో కుట్టినచో తోకకు కన్నులు వచ్చియుండెడివి. కావున ప్రతి బొమ్మయు, ఆనాటి సాక్ష్యముపై చెప్పిన యొక తీర్పు.

నేటి జీవులలో దీని చుట్టము, తేమగల యడవులలో మసలు ముఖమలుపురుగు. మన పొలములలో తొలకరికి కనబడు ఆరుద్రపురుగు వేఱు. చుట్టమునుబట్టి చూచిన, బొమ్మకు ముఖమలుగుడ్డ తగియే యున్నది!

పూర్వపండితులను మనము పరిహసింపరాదు. వారు పొరపడినను రాతిని పాఱవేయలేదు, భద్రపఱచిరి. దానినే తరువాతివారు మరల చూచి సరిదిద్దిరి. తగవులు తీర్చు మీకు తెలియనిది కాదు: సాక్ష్యము నిలిచియున్నచో తీర్పును సవరింపవచ్చును, సాక్ష్యమే నశించినచో, తప్పుడు తీర్పే శాశ్వత మగును. కావున మీ మనుమడు, "దీని తల యిటే యున్నదని యెవరు చూచిరి, తాతా?" యని యడిగినచో గద్దింపకుడు. ఆ ప్రశ్నయే యీ జీవిని తిరిగి కాళ్లమీద నిలిపినది.